అప్‌డేట్: గుర్రానికి బీమా చేయించాను

మా తొమ్మిదేళ్ల ఆడగుర్రానికి బీమా ఎంతవుతుంది, ఏ కంపెనీని ఎంచుకోవాలి అని కిందటి నెల అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చివరకు పాలసీ తీసుకున్నాను.

గుర్రం చనిపోతే పరిహారమిచ్చే బీమాకు ఒక కంపెనీ దాని విలువలో 3 శాతం, మరొకటి 4 శాతం ప్రీమియం అడిగాయి. మొదటిదే చవక అనుకొని సంతకానికి సిద్ధపడ్డాను గానీ, మీలో ఒకరు చెప్పినట్టు షరతులన్నీ చదివితే అసలు సంగతి బయటపడింది: మొదటి కంపెనీ గుర్రం చనిపోయిన నాటి మార్కెట్ ధర మాత్రమే ఇస్తుంది, రెండోది పాలసీలో ముందే ఒప్పుకున్న విలువను ఇస్తుంది. వయసు మీదపడేకొద్దీ గుర్రం ధర పడిపోతుంది కనుక ఆ ఒక్క శాతం తేడా నాకు భారమనిపించలేదు. కడుపునొప్పికి శస్త్రచికిత్స అవసరమైతే పనికొస్తుందని వైద్య ఖర్చుల రక్షణను కూడా విడిగా జోడించాను.

పశువైద్యుడు గుర్రాన్ని నడిపించి చూసి, ముందరి ఎడమకాలి పాత వాపును ధ్రువపత్రంలో రాయడంతో ఆ కాలి చికిత్సను కంపెనీ మినహాయించింది. దాచిపెట్టి రేపు క్లెయిమే పోగొట్టుకోవడం కంటే ఇదే నయం. జబ్బు చేసిన వెంటనే కంపెనీకి తెలియజేయాలన్న షరతు ఉంది కాబట్టి, వారి ఫోన్ నంబరును లాయం తలుపు లోపలివైపు అంటించాను.