హైదరాబాద్‌లో ఇల్లు వెతకాలంటే లొకేషన్ పంపితే సరిపోతుందా?

బత్తాయితోట (నల్లగొండ)
మొన్న మా నాయినకు జరిగింది రాస్తున్నా, చదివి తప్పెవరిదో చెప్పండి. అక్కావాళ్లు ఈ మధ్యే కొత్తపేటలో వేరే ఇంట్లోకి మారారు. నాయిన సంచి నిండా బత్తాయిలు పట్టుకుని నల్లగొండలో బస్సెక్కాడు. బావ పొద్దున్నే వాట్సాప్‌లో లొకేషన్ పంపి "ఇది ఆటోవాళ్లకు చూపిస్తే చాలు మామా" అన్నాడట. ఎల్బీనగర్‌లో దిగి అట్లనే చూపించాడు. అక్కడి నుంచి కొత్తపేట ఎంతని, ఒకటి రెండు మెట్రో స్టేషన్ల దూరం. ఆటో మలక్‌పేట దాటింది, కోఠి దాటింది, ఖైరతాబాద్ వచ్చాక అనుమానమొచ్చి నాకు ఫోన్ చేశాడు. తీరా చూస్తే బావ పంపింది లైవ్ లొకేషన్, అదీ 8 గంటల పాటు ఉండేది. బావ సిటీకి అవతలి పక్క రాయదుర్గంలో ఆఫీసులో కూర్చుంటే మ్యాప్‌లో చుక్క కూడా ఆఫీసులోనే కూర్చుంది. ఆటో అటు పోయింది. ఈ ఫోన్లను నమ్మి ముసలివాళ్లను తిప్పడం ఆపండి, దారి అంటే గుర్తులు చెప్పాలి.

ఆరాంఘర్ బస్సు (జడ్చర్ల, ఇప్పుడు అత్తాపూర్)
అన్నా, ఇందులో ఫోన్ తప్పేముంది? లైవ్ లొకేషన్ వేరు, కరెంట్ లొకేషన్ వేరు. లైవ్ అంటే మనిషి ఎటు పోతే అటు కదులుతుంది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే ఉంటాయి, ఆ టైం అయిపోగానే ఆగిపోతుంది. మీ బావ ఇంట్లో ఉండి దాని కింది కరెంట్ లొకేషన్ బటన్ నొక్కి ఉంటే మీ నాయిన గుమ్మం ముందు దిగేవాడు. ఒక బటన్ తప్పు నొక్కినందుకు మ్యాపే వద్దంటే ఎట్లా?

కోదాడ కుర్రాడు
బత్తాయిలు ఎన్ని కిలోలు?

బత్తాయితోట
బటన్ సంగతి నాకూ తెలుసు తమ్మీ. అక్క ఉండేది పాత పండ్ల మార్కెట్ ఎదురు గల్లీలో. మా నాయిన ఇరవై ఏళ్లు ఆ మార్కెట్‌కే కాయ తోలాడు. రాత్రి లోడు దించి అక్కడే పడుకుని, తెల్లారి వేలం అయ్యాక చాయ్ తాగి బస్సెక్కిన మనిషి. "మార్కెట్ ఎదురుంగ" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే కళ్లు మూసుకుని పోయేవాడు. ఎవరూ చెప్పలేదు, మనిషికి ఏం తెలుసో అడగలేదు.

ఆరాంఘర్ బస్సు
ఏ మార్కెట్? అది 2021లోనే బాటసింగారం పోయింది కదా. తర్వాత అక్కడ ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. లేని మార్కెట్‌ను గుర్తుగా చెప్తే ఇరవై ఏళ్ల ఆటో పిల్లగాడికి ఏం తెలుస్తుంది? మా పెద్దనాన్న ఇంకా "పాత గాంధీ హాస్పిటల్ కాడ దిగు" అంటాడు, అది ముషీరాబాద్‌కు మారి ఎంత కాలమైంది? ఎయిర్‌పోర్టు అంటే ఆయనకు ఇప్పటికీ బేగంపేటే, శంషాబాద్‌కు పోయింది 2008లో.

బత్తాయితోట
ఆటో పిల్లగాడికి తెలియకపోతే మా నాయిన చెప్తాడు. పోయేది ఆయన.

రిటైర్డ్ మాస్టారు (మిర్యాలగూడ)
మీరిద్దరూ ఇంటి నంబరు అన్న మాటే ఎత్తలేదు. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. పద్ధతి మంచిదే. కానీ స్థలం ముక్కలైన కొద్దీ బై ఒకటి, బై రెండు, దాని వెనక ఏ, బీ అని తోకలు పెరిగాయి. పక్కపక్క ఇళ్లకు పక్కపక్క నంబర్లు ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. నేను మా అల్లుడి ఇంటికి నంబరు పట్టుకునే పోయాను. ఆ వీధిలో ఎవరూ వాళ్ల నంబరు చెప్పలేకపోయారు, చివరికి ఇస్త్రీ బండి అతను తీసుకెళ్లాడు.

ఆరాంఘర్ బస్సు
అందుకే సార్ మేం పిల్లర్ నంబర్ చెప్తాం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ 11.6 కిలోమీటర్లు, ప్రతి స్తంభానికీ నంబరుంది. అత్తాపూర్‌లో సగం దుకాణాల బోర్డుల మీద అదే అడ్రసు.

కల్వకుర్తి అమ్మాయి
పిల్లర్ నంబరే కదా నన్ను ఏడిపించింది. పిల్లర్ రోడ్డు నడుమ ఉంటుంది, ఇల్లు ఏ పక్కనో అది చెప్పదు. నేను అటు పక్క దిగాను, డివైడర్‌కు సందు లేదు, యూటర్న్ దాకా నడిచి మళ్లీ వెనక్కి. పైగా మెట్రోకూ పిల్లర్ నంబర్లున్నాయి. మియాపూర్-ఎల్బీనగర్ లైనుకు ముందు ఏ, నాగోల్-రాయదుర్గం లైనుకు సీ. ఆ అక్షరం చెప్పకుండా ఒట్టి నంబరు చెప్తే ఎక్కడికని పోవాలి?
కానీ నా ఓటు మ్యాప్‌కే. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ వెతుక్కుంటూ చౌరస్తాలో నలుగురు మగవాళ్లను "అన్నా ఎటు పోవాలి" అని అడగడం మీకు సులువు, నాకు కాదు.

బత్తాయితోట
చెల్లీ, నీ మాట ఒప్పుకుంటా. అది నాకు తట్టలేదు.

ఆరాంఘర్ బస్సు
నేను మొదటి నుంచీ చెప్పేది అదే. పైగా మనుషుల్ని అడిగితే తెలియదని ఒక్కరూ అనరు. "ఇక్కడ్నే, సీదా పో" అంటారు, ఆ ఇక్కడ్నే మూడు కిలోమీటర్లు. ఊరివాళ్లు కూడా కొంచెం నేర్చుకోవాలి అన్నా, ఎంతకాలం ఇట్లా.

బత్తాయితోట
ఊరివాళ్లు నేర్చుకోవాలా? అరవై ఆరేళ్ల మనిషి సంచి మోసుకుని కూతురింటికి వస్తే, బస్టాపు దాకా ఒక్కరు రాలేదు. మా ఇంటికి బావ వస్తే నేను నల్లగొండ బస్టాండులో అరగంట ముందు నిలబడతా. మ్యాప్ పంపను.

ఆరాంఘర్ బస్సు
ఇప్పుడొచ్చింది అసలు మాట. దారి సంగతి కాదన్నమాట, ఎదురు రాలేదని కోపం. మరి మా వైపు వినండి. నాది షిఫ్టు ఉద్యోగం. మా ఊరి నుంచి నెలకు ముగ్గురు వస్తారు, ఒకరు ఆసుపత్రికి, ఒకరు పరీక్షకు, ఒకరు ఊరికే. బస్సు షాద్‌నగర్ దాటాక ఫోన్ చేస్తారు, "వచ్చేస్తున్నా" అని. లీవు పెడితే జీతం కట్. పోనీ రాలేనంటే ఊళ్లో "సిటీకి పోయి బలిసిండు" అంటారు. లొకేషన్ పంపేది పొగరుతో కాదు, ఇంకేం చేయాలో తెలియక.

రిటైర్డ్ మాస్టారు
రెండూ నిజమే. మీ అక్క ఇంట్లోనే ఉందా?

బత్తాయితోట
ఉంది సార్. నెలల పిల్ల, కదలలేదు. ఆమెను ఏమీ అనను. తమ్మీ, షాద్‌నగర్ దాటాక ఫోన్ చేసే రకం కాదు మా నాయిన, నాలుగు రోజుల ముందే చెప్పాడు. నీకొచ్చే వాళ్ల లెక్క ఆయన మీద వేయకు.

ఆరాంఘర్ బస్సు
సరే. అది నాకు తెలియదు.

కోదాడ కుర్రాడు
ఇంతకీ ఆటో డబ్బులు ఎవరిచ్చారు?

బత్తాయితోట
నాయినే. రానుపోను 700. అల్లుడికి చెప్పొద్దన్నాడు, దారి బాగానే దొరికిందని చెప్పాడట. బత్తాయిలు పన్నెండు కిలోలు.