జోడీ కుదర్చడం శాస్త్రానికి చేతనయ్యే పనేనా?

గణకుడు:
స్వభావాన్ని, అభిరుచులను కొలిచే ప్రశ్నపత్రాలున్నాయి. లక్షల జవాబులను జల్లెడ పట్టే కంప్యూటర్లున్నాయి. ఇంకా తోడు కోసం అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోవడం ఎందుకు?

వెన్నెల:
ఆ ముచ్చటా తీరిందండీ. 2017లో సమంతా జోయెల్, పాల్ ఈస్ట్‌విక్, ఈలై ఫింకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా అదే చేసి చూశారు. ముక్కూమొహం తెలియని యువతీయువకులచేత ముందుగా నూరుకు పైగా లక్షణాలు, ఇష్టాల గురించి రాయించుకున్నారు. తర్వాత ఒక్కొక్కరితో నాలుగు నిమిషాల చొప్పున మాట్లాడించారు. ఎవరు ఇతరులను తేలిగ్గా ఇష్టపడతారో, ఎవరు ఎక్కువమందికి నచ్చుతారో కంప్యూటర్ కొంతవరకు పట్టుకుంది. ఫలానా ఆమెకు ఫలానా అతనే ప్రత్యేకంగా ఎందుకు నచ్చాడన్నది మాత్రం దానికి అంతుచిక్కలేదు. మనం అడిగేది ఆ ఒక్కటే కదా! పదిమందికీ నచ్చేవాడు నాకూ నచ్చవచ్చని చెప్పడానికి కంప్యూటర్ దేనికి?

పరిమళం:
వాసన సంగతి మరిచారు. 1995లో స్విట్జర్లాండ్‌లో క్లాస్ వెడెకిండ్ అనే జీవశాస్త్రవేత్త, మగవాళ్లు రెండు రాత్రులు వేసుకుని పడుకున్న చొక్కాలను ఆడవాళ్లకు వాసన చూడమని ఇచ్చాడు. రోగనిరోధక జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవారి వాసనే వాళ్లకు ఎక్కువ నచ్చింది.

వెన్నెల:
గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అది తలకిందులైందని కూడా చెప్పండి. అయినా చొక్కా వాసన నచ్చడం వేరు, అదే చొక్కా రోజూ మంచం మీద పడి ఉంటే ఇరవై ఏళ్లు భరించడం వేరు.

గణకుడు:
అంటే శాస్త్రం చేతులెత్తేసిందనేనా మీ మాట?

వెన్నెల:
కాదు. 2020లో జోయెల్ బృందం 11,196 జంటల సమాచారాన్ని పరిశీలించింది. అవతలి మనిషి కడదాకా ఉంటారన్న నమ్మకం, ఈ మనిషి దొరకడం నా అదృష్టమన్న భావన, పడకసుఖం వంటివి చూస్తే, బంధంపై తృప్తిలో కనిపించే తేడాల్లో 45 శాతం వరకు అర్థమయ్యాయి. వ్యక్తుల సొంత స్వభావాలతో 21 శాతమే. ఆ నమ్మకం కలవకముందే ఎవరి వివరాల్లో దొరుకుతుంది? కలిసి బతికేవాళ్లకు శాస్త్రం పనికొస్తుంది, వెతుక్కునేవాళ్లకు కాదు.

నిదానం:
పెళ్లయిన చాన్నాళ్లకు మేమిద్దరం సరదాగా అలాంటి ప్రశ్నపత్రం ఒకటి నింపాం. నూటికి నలభై కూడా రాలేదు. మా ఆవిడ నా కాగితం లాక్కుని, ‘పొద్దున్నే లేస్తాను’ అన్న జవాబు కొట్టేసి, పక్కన ‘అబద్ధం, ఎనిమిదైనా లేవరు’ అని రాసింది.

గణకుడు:
దిద్దాక ఎన్ని వచ్చాయి?

నిదానం:
ఇంకో నాలుగు తగ్గాయి.