2004 నాటి హాస్టల్ కథలో పాత్రలతో ‘క్రింజ్’ అన్న మాట పలికించొచ్చా? అప్పటి బ్యాచ్ వాళ్ళు కాస్త చెప్పండి

కెమెరా_కన్ను:
ఫ్రెండ్స్ అందరం కలిసి ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీస్తున్నాం. కథ జరిగేది 2004లో, విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో. డైలాగులు రాసేది నేను, అప్పటికి నాకు అక్షరాలే సరిగ్గా రావు. బట్టలు, బైకులు, ఫోన్లు ఫోటోలు చూసి పట్టుకోవచ్చు కానీ మాటలకి ఫోటోలు ఉండవు కదా. మా అన్నయ్యకి చూపిస్తే చదువుతూ పడీపడీ నవ్వాడు, ఎందుకో చెప్పకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. సప్లీ రిజల్ట్స్ రోజు, నెట్ సెంటర్ బయట సీన్ ఇది:

“బ్రో, రిజల్ట్స్ వచ్చేశాయంట. గూస్‌బంప్స్ వస్తున్నాయి బ్రో.”
“లైట్ తీస్కో. అటు చూడు, పండుగాడు ఆ అమ్మాయితో పులిహోర కలుపుతున్నాడు.”
“క్రింజ్ రా బాబూ. అయినా మనం తగ్గేదే లే.”

ఇందులో ఏవి ఉంచాలి, ఏవి పీకేయాలి? మొహమాటపడకుండా చెప్పండి.

బెంజిసర్కిల్_బావ:
తమ్ముడూ, నేను 2001లో చేరి 2005లో బయటపడ్డ బ్యాచ్, అదే ఏరియా. మీ అన్నయ్య ఎందుకు నవ్వాడో నాకు రెండో పదంలోనే అర్థమైంది.

‘బ్రో’ అని మా హాస్టల్లో ఎవడైనా అనుంటే వాడికి నాలుగేళ్ళూ అదే పేరు ఖాయమయ్యేది. మాకు ‘మామా’, ‘బావా’, ‘రేయ్’, లేకపోతే ఇంటిపేరు. సీనియర్‌ని అయితే ‘సార్’ అనాలి, ఫస్టియర్ దాటేదాకా ‘అన్నా’ అన్నా ఊరుకునేవాళ్ళు కాదు. ‘బాసూ’, ‘గురూ’ అప్పటికే పెద్దవాళ్ళ మాటలైపోయాయి, ఎగతాళికి తప్ప వాడేవాళ్ళం కాదు. ‘గూస్‌బంప్స్’ కూడా తీసెయ్. హీరో ఎంట్రీకి ఈలలేసి కాగితాలు ఎగరేసేవాళ్ళమే కానీ ఆ మాట మాకు తెలీదు. రిజల్ట్స్ రోజు అయితే ‘టెన్షన్‌తో చచ్చిపోతున్నా మామా’ అంతే. ఇప్పటికీ అదే అంటారు కదా, దాన్ని మార్చాల్సిన పనే లేదు.

‘తగ్గేదే లే’ గురించి నేను చెప్పక్కర్లేదు, పుష్ప వచ్చింది 2021 డిసెంబర్లో. పండుగాడు కూడా దొరికిపోతాడు, హీరోకి ఆ పేరున్న పోకిరి వచ్చింది 2006 ఏప్రిల్లో. ఆ వేసవి తర్వాత ఊళ్ళో ప్రతి గ్యాంగ్‌కీ ఒక పండుగాడు తయారయ్యాడు, అంతకుముందు పండు అంటే ఎవరింట్లోనో ముద్దుపేరు.

నా సలహా అడిగితే, సినిమా డైలాగుల జోలికే పోకు. ఏ డైలాగ్ పెట్టినా ఏ ఏడాదో ఎవడో ఒకడు లెక్కగట్టేస్తాడు. అప్పటి వాసన ఉండేది క్రియల్లో. క్లాసుకి వెళ్ళకపోతే ‘డుమ్మా కొట్టాం’, అందరం కలిసి పోకపోతే ‘మాస్ బంక్’, పరీక్షల ముందు ఎవడైనా మరీ చదివితే ‘రుబ్బుతున్నాడు’, గొప్పలు పోతే ‘కటింగ్ ఇస్తున్నాడు’, దొరికిపోతే ‘అడ్డంగా బుక్కయ్యాడు’, మెల్లగా జారుకుంటే ‘చెక్కేశాడు’. ‘నీకంత సీన్ లేదు’ అన్న మాట రోజుకి ఎన్నిసార్లు విన్నానో. ఇవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి కాబట్టి చూసేవాళ్ళకి అర్థమవుతాయి, ఎవరూ తప్పు పట్టలేరు కూడా.

నల్లకుంట_చాయ్:
లైట్ తీస్కో మీద నేను మాట్లాడాలె. అది మా పట్నం సరుకు. మా దగ్గర హిందీలో ‘లైట్ లే’ అని ఎప్పట్నించో నడుస్తున్నదే, దాన్ని తెలుగులో తిప్పుకున్నం. 2004లో హైదరాబాద్‌లో వాడేటోళ్ళం, అనుమానమే లేదు. కానీ బెజవాడ హాస్టల్లో అందరి నోట్లో పెట్టొద్దు. ఒక్క క్యారెక్టర్‌ని మా దిక్కు నుంచి వచ్చిన పోరడిని చెయ్యి, వాడితో అనిపియ్యి. మిగతావాళ్ళు వాణ్ణి ఆటపట్టించాలె, నెలరోజులకి వాళ్ళే అనాలె. నిజంగ గట్లనే పాకినయ్ ఆ మాటలు. కిరాక్, పరేషాన్, దిమాక్ ఖరాబ్, ఇవన్నీ హాస్టళ్ళలోనే ఊర్లు మారినయ్.

ఒక్కటి చూస్కో. హైదరాబాద్ పోరడు అనంగనే అంగ్రేజ్ సినిమా యాసంతా దించేస్తరు ఈ మధ్య. అది వచ్చిందే 2005ల. సీడీలు పట్టుకొని గది గదికి తిరిగింది ఆ తర్వాత.

పాతపేపర్:
నేను మీ అందరికన్నా బాగా ముందు బ్యాచ్, కాబట్టి విసిగించడానికి నాకు హక్కుంది. ‘క్రింజ్’ స్థానంలో ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు. నిజానికి సరిగ్గా ఆ భావానికి అప్పట్లో ఒకే మాట లేదు, ‘ఓవర్’, ‘అతి’, ‘ఛండాలం’ ఇలా సందర్భాన్ని బట్టి అనేవాళ్ళు.

బోర్ కొట్టించేవాడికి మాత్రం ప్రతి తరానికీ ఓ మాట పుట్టింది. మా రోజుల్లో ‘సుత్తి’. 1982లో జంధ్యాల గారి నాలుగు స్తంభాలాట వచ్చాక ఆ మాట ఎంతగా పాకిందంటే, ఆ సినిమాలో నటించిన వీరభద్రరావు గారికి, వేలు గారికి అదే ఇంటిపేరైపోయింది. ఆ తర్వాత ‘బ్లేడు’. అటు తర్వాత ‘సోది’, ‘సొల్లు’, ‘నస’ కలగాపులగంగా నడిచాయి. ఇప్పుడు మా అబ్బాయి సినిమా చూసొచ్చి ‘రాడ్డు’ అంటాడు. సుత్తి దగ్గర మొదలై బ్లేడు మీదుగా రాడ్డు దాకా, ఇనప సామాన్ల కొట్టు మన భాషలోనే ఉంది.

వీటిలో బాగా నిలబడింది సుత్తే. సినిమా చూడనివాళ్ళు, అసలు పేరు కూడా విననివాళ్ళు ‘సుత్తి ఆపరా’ అంటున్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోయాక అది మామూలు తెలుగైపోయింది. ‘తగ్గేదే లే’ అనగానే గడ్డం కింద చెయ్యి తిప్పడం గుర్తొచ్చినంత కాలం అది అరువు మాటే అని నా అభిప్రాయం. బెంజిసర్కిల్ గారు చెప్పిన క్రియల సంగతి అందుకే నాకు నచ్చింది.

లేడీస్_హాస్టల్_రూం12:
పాతపేపర్ గారూ, బ్లేడు గుర్తుచేసినందుకు థాంక్స్, మా మెకానిక్స్ సార్ పేరే అది మాకు.

ఇంతకీ ఈ సీన్‌లో అమ్మాయి నోరు విప్పదా? అబ్బాయిలు చూస్తారు, కామెంట్ చేస్తారు, ఆమె పక్కన నిలబడి ఉంటుంది, అంతేనా? మేం కూడా అదే నెట్ సెంటర్ ముందు హాల్ టికెట్ నంబర్లు చీటీ మీద రాసుకుని నిలబడ్డవాళ్ళమే. మా మాటలు వేరేగా ఉండేవి. ‘ఏంటే’, ‘పోవే’, ‘ఒసేయ్’ లేకుండా ఒక్క వాక్యం పూర్తయ్యేది కాదు. ఎవడైనా వెనకాల తిరుగుతుంటే వాడికి మేం పేరు పెట్టుకునేవాళ్ళం, చొక్కా రంగును బట్టో, బైకు చప్పుడును బట్టో. వాడు పక్కనే ఉన్నా వాడి గురించి హాయిగా మాట్లాడుకునేదానికి. అమాయకుడైతే ‘ముద్దపప్పు’, మరీ పోజులు కొడితే ‘బిల్డప్ బాబాయ్’.

పులిహోర సంగతికొస్తే, మా కాలంలో పులిహోర అంటే గుళ్ళో పెట్టేదే. మీమ్ పేజీల వల్ల అందరికీ అలవాటైన మాట అది. అప్పుడు అబ్బాయిలు అనేది ‘లైనేస్తున్నాడు’, ‘సైట్ కొడుతున్నాడు’, ‘ట్రై చేస్తున్నాడు’. ఇంకో మాట కూడా ఉంది, అమ్మాయిల్ని ‘ఫిగర్’ అనేవాళ్ళు. వినడానికి ఇప్పుడు చిరాకుగా ఉంటుంది, అప్పుడూ మాకు చిరాకుగానే ఉండేది, కాకపోతే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. దాన్ని తీసేసి అందరినీ మంచి బాలుల్లాగా చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను. అననివ్వండి, పక్కన అమ్మాయి వినేలా అననివ్వండి, ఆమె ఏమంటుందో రాయండి.

బెంజిసర్కిల్_బావ:
రూం12 గారు చెప్పింది కరెక్ట్. ఆ మాట మేమూ అన్నాం, ఇప్పుడు మా అమ్మాయి కాలేజీకి వెళ్తుంటే తెలుస్తోంది.

తమ్ముడూ, ఫోన్ సంగతి కూడా ఒకటి. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యింది, దాంతో బ్యాలెన్స్ లేనివాడు కూడా ఫోన్ మోయడం మొదలెట్టాడు. నోకియా 1100 గదికి ఒకటైనా ఉండేది, కరెంటు పోతే దాని టార్చే దిక్కు. కాబట్టి మాటల్లో ‘మిస్డ్ కాల్ ఇవ్వు’ ఉండాలి. ఒక రింగ్ ఇస్తే కిందకి రా, రెండిస్తే వార్డెన్ వస్తున్నాడు, ఇలా ఎవరి కోడ్ వాళ్ళది. ఎవడైనా పొరపాటున ఎత్తితే రూపాయి పోయిందని తిట్టేవాళ్ళం.

కెమెరా_కన్ను:
అందరికీ చాలా థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. రాత్రి కూర్చుని మళ్ళీ రాశా. హైదరాబాద్ కుర్రాణ్ణి పెట్టా, అమ్మాయికి మాటలిచ్చా. చూడండి:

“మామా, రిజల్ట్స్ వచ్చేశాయంట రా. టెన్షన్‌తో చచ్చిపోతున్నా.”
“లైట్ తీస్కో.”
“ఏం తీసుకోవాలి?”
“ఏం లేదులే. గటు చూడు, శీనుగాడు ఆ ఫిగర్‌కి లైనేస్తున్నడు.”
“ఒసేయ్, విన్నావా? ఫిగరంట.”
“విన్నాలే. పోయిన సెమిస్టర్ నాలుగు సబ్జెక్టులు పోగొట్టుకున్న బ్యాచే ఇది. బాబూ, మీ ఫిగర్లు లోపల స్క్రీన్ మీదున్నాయి, వెళ్ళి లెక్కపెట్టుకోండి.”

తర్వాతి సీన్‌లో వీళ్ళు అప్పటి సోషల్ సైట్ ఆర్కుట్‌లో స్క్రాప్‌లు (మెసేజ్‌లు) రాసుకున్నట్టు పెట్టా, అది ఓకేనా? ఐడీ కార్డుల మీద జేఎన్‌టీయూ కాకినాడ అని వేయిస్తున్నాం.

నల్లకుంట_చాయ్:
‘ఏం తీసుకోవాలి’ దగ్గర నవ్వాగలే. అది ముట్టుకోకు.

లేడీస్_హాస్టల్_రూం12:
చివరి డైలాగ్‌కి మా రూమ్ మొత్తం ఈలేసేది. కాకపోతే ‘బాబూ’ తీసేసి ‘ఏవండీ హీరో గారూ’ అనిపించండి, అబ్బాయిల్ని ఏడిపించాలంటే మేం మర్యాదే వాడేవాళ్ళం.

పాతపేపర్:
ఐడీ కార్డులు ప్రింట్‌కి ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆపండి. జేఎన్‌టీయూని హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని వేర్వేరు యూనివర్సిటీలుగా విడగొట్టింది 2008లో. 2004లో కాకినాడది ఆ యూనివర్సిటీ కింద ఒక కాలేజీ మాత్రమే. ఆర్కుట్ 2004 జనవరిలోనే మొదలైంది కానీ మన హాస్టళ్ళ దాకా రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. యాహూ చాట్ రూమ్ పెట్టుకోండి, అమ్మాయి పేరుతో రూమ్మేటే చాట్ చేసి వీణ్ణి బకరా చేసినట్టు రాస్తే సరిపోతుంది.