చింతపల్లి కొండదారులకు తట్టుకునే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఏది? సస్పెన్షన్ ఎలాంటిది ఉండాలి?

ప్రశ్న: కాఫీతోట రైతు, చింతపల్లి మండలం

అందరికీ నమస్కారం. మా తోట అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి దాటాక చాలా లోపలికి ఉంది. నర్సీపట్నం నుంచి డౌనూరు, లంబసింగి మీదుగా చింతపల్లి వరకు ఘాట్ తారు రోడ్డే కాబట్టి అంతవరకు ఏ బండైనా ఎక్కుతుంది. మా ఇబ్బంది తారు ఆగిపోయిన చోట మొదలవుతుంది. అక్కడి నుంచి తోటకు సుమారు 12 కిలోమీటర్లు. కొంత దూరం గ్రావెల్ పోసి వదిలేశారు, కొంత దూరం వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలాయి, మధ్యలో వంతెన లేని గెడ్డలు (కొండవాగులు) రెండు దాటాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఎర్రమట్టి జారుతుంది. కాఫీ కోతలు అయ్యే నాటికి అదే మట్టి గట్టిపడి, గాళ్లు పడి, బండిని అటూ ఇటూ కుదిపేస్తుంది.

ఇంతకాలం అద్దె జీపుల మీదే ఆధారపడ్డాం. అమ్మానాన్నలకు వయసు మీద పడింది, రాత్రివేళ ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే జీపు దొరికే వరకు ఎదురుచూడటం ఇక కుదరదు. అందుకే సొంత బండి కొనాలని నిర్ణయించుకున్నాం. 15 లక్షల చుట్టూ పెట్టగలం, మంచిది దొరికితే పాత బండికైనా సిద్ధమే. కోతల కాలంలో పార్చ్‌మెంట్ కాఫీ (లోపలి పొట్టు తీయని ఎండు గింజలు) బస్తాలు, మిరియాలు కిందికి దించాలి, మిగతా ఏడాదంతా మనుషుల ప్రయాణమే. వెనుక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న బండి మేలా, కాయిల్ స్ప్రింగులు ఉన్నది మేలా? డిఫరెన్షియల్ లాక్ (ఒకే యాక్సిల్, అంటే ఇరుసు, మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే ఏర్పాటు) తప్పనిసరా? బండి కొన్న వెంటనే నాలుగు అంగుళాలు ఎత్తు పెంచుకోమని విశాఖలో ఒక దుకాణం వారు సలహా ఇచ్చారు, అది సరైనదేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మెకానిక్, నర్సీపట్నం

మీరు బండి పేరు అడిగారు కానీ, బస్తాలు ఎన్ని వేస్తారో చెప్పలేదు. సస్పెన్షన్‌ను నిర్ణయించేది ఆ బరువే. ఏజెన్సీ కొండల నుంచి మా షెడ్డుకు వచ్చే బళ్లలో ఇంజిన్ పాడై వచ్చేవి తక్కువ, కింది భాగం అరిగి వచ్చేవే ఎక్కువ. బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) నలిగిపోవడం, బాల్ జాయింట్లు వదులవడం, షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారడం, కమాన్ సెంటర్ బోల్టు తెగడం, ఇవే నిత్యం చూస్తుంటాం. కాబట్టి ఏ బండి కొన్నా ఈ భాగాలు నర్సీపట్నంలోనో అనకాపల్లిలోనో అదే రోజు దొరుకుతాయా అన్నది ముందు విచారించండి. భాగం కోసం వారం రోజులు షెడ్డులో పడి ఉండే బండి, అది ఎంత గొప్పదైనా, కొండ మీద ఉండేవారికి పనికిరాదు.

బరువు మోసే పనికి నేను కమాన్ కట్ట వైపే ఉంటాను. కమాన్ కట్ట బరువును మోయడంతో పాటు యాక్సిల్‌ను దాని స్థానంలో పట్టి ఉంచే పని కూడా తానే చేస్తుంది, అందువల్ల వేరే లింకులూ వాటి బుష్‌లూ అంతగా ఉండవు. మధ్యలో ఒక పట్టీ విరిగినా నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. ప్రధాన పట్టీ కన్ను (చివర చాసిస్‌కు తగిలించే గుండ్రటి వంపు) దగ్గర తెగితే మాత్రం యాక్సిల్ పక్కకు జరిగిపోతుంది, కాబట్టి రెండో పట్టీ ఆ కన్నును చుట్టుకుని ఉన్న కట్ట అయితే మంచిది. విరిగిన పట్టీని మార్చడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. కట్ట విప్పి బిగించిన ప్రతిసారీ కొన్ని రోజులు నడిపాక కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యు-బోల్టులను మళ్లీ బిగించడం మాత్రం మరవకూడదు. అవి వదులైతేనే సెంటర్ బోల్టు తెగుతుంది.

బొలేరో క్యాంపర్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్ రకం ఉంది. రెండు వరుసల సీట్లు, వెనుక ట్రాలీ, వెనుక కమాన్ కట్టలు, ఈ ప్రాంతంలో ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిన బండి. మీ అవసరాలు రెండూ ఒకే బండితో తీరాలంటే నా మొదటి సూచన అదే. ఇది సరుకు బండిగా రిజిస్టర్ అవుతుంది కాబట్టి ఫిట్‌నెస్ వంటివి చూసుకోవాలి. లైసెన్సు విషయంలో భయం వద్దు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

జవాబు: ఆటోమొబైల్ ఇంజనీరు, విశాఖపట్నం

మెకానిక్ గారు బరువు గురించి అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది, అయితే ఆయన సూచనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. టన్ను బరువుకు తయారు చేసిన కమాన్ కట్ట ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు వంగదు. అలాంటి బండిలో వెనుక వరుసలో పెద్దవారిని కూర్చోబెట్టి, రాళ్లు తేలిన దారిలో 12 కిలోమీటర్లు తీసుకువెళ్లడం, అందులోనూ జబ్బు చేసినప్పుడు, వారిని బాధ పెట్టడమే అవుతుంది. పైగా వంగని స్ప్రింగు చక్రాన్ని నేలకు అదిమి ఉంచలేదు, అప్పుడు జారుడు నేల మీద పట్టు కూడా తగ్గుతుంది.

ఇక్కడ విడదీసి చూడవలసిన విషయాలు రెండున్నాయి. స్ప్రింగు ఏ రకమన్నది ఒకటి, యాక్సిల్ ఏ రకమన్నది మరొకటి. రెండు చక్రాలనూ కలిపే గట్టి యాక్సిల్ ఉంటే, ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) కూడా కొంత పైకి లేస్తుంది, రెండో చక్రం కిందికి నొక్కుకుని నేలను పట్టుకుంటుంది. విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో బరువుకు బండి కుంగిన కొద్దీ మధ్యభాగం నేలకు దగ్గరవుతుంది, కాకపోతే వేగంగా వెళ్లేటప్పుడు స్టీరింగు నిలకడగానూ కుదుపు తక్కువగానూ ఉంటుంది. ఈ దృష్టితో చూస్తే మారుతి జిమ్నీలో ముందూ వెనుకా గట్టి యాక్సిళ్లే, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులే. మహీంద్రా థార్‌లో 2020 తర్వాతి తరంలో ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనుక కాయిల్ స్ప్రింగులతో గట్టి యాక్సిల్. అంతకుముందు తరం సీఆర్‌డీఈ థార్‌కు వెనుక కమాన్ కట్టలే ఉండేవి. పాత బండి చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ చాలా గట్టి బండే, వెనుక కమాన్ కట్టలు, 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్. అయితే ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 3,095 మిల్లీమీటర్లు, అందువల్ల గెడ్డ ఒడ్డు ఎక్కేటప్పుడు మధ్యభాగం నేలకు తగిలే అవకాశం ఎక్కువ, కొత్తది మీ బడ్జెట్‌నూ దాటిపోతుంది. ఫోర్స్ గుర్ఖాలో రెండు యాక్సిళ్లకూ లాకులు ఉండటం అసాధారణమైన సౌకర్యం, దానికి దగ్గరలో సర్వీసు ఉందో లేదో చూసుకుని నిర్ణయించుకోండి.

డిఫరెన్షియల్ లాక్ గురించి అడిగారు. ఫోర్‌వీల్ డ్రైవ్ వేసినా, ఎదురెదురు మూలల్లోని రెండు చక్రాలు గాలిలోకి లేస్తే, మామూలు డిఫరెన్షియల్ శక్తినంతా ఆ తిరిగే చక్రాలకే ఇచ్చేస్తుంది, బండి కదలదు. గాళ్లు పడిన దారిలో జరిగేది సరిగ్గా ఇదే. కాబట్టి వెనుక యాక్సిల్‌కు మెకానికల్ లాక్ గానీ, జారుతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టి ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు గానీ ఉండాలి. మీ దారికి రెండోది చాలుతుందని నా అభిప్రాయం. లో రేంజ్ గేరు (వేగం తగ్గించి లాగే బలం పెంచేది) మాత్రం లేకుండా కొనకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. బరువు చెప్పకపోవడం వల్ల మీకు ఇబ్బంది కలిగింది. కోతల కాలంలో ఒక్కో విడతకు 50 కిలోల బస్తాలు ఎనిమిది నుంచి పది వరకు ఉంటాయి, అదీ వారానికి ఒకటి రెండుసార్లు. మార్చి తర్వాత బరువు ఏమీ ఉండదు. జిమ్నీ మీద ఇంట్లో అందరికీ మక్కువగా ఉంది, అందులో ఈ బస్తాలు వేయవచ్చా?

జవాబు: ఆటోమొబైల్ ఇంజనీరు, విశాఖపట్నం

వేయకూడదు. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మనుషులతో సహా మోయగలిగింది 340 కిలోల దగ్గర ఆగిపోతుంది. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటేనే అందులో చాలా భాగం అయిపోయింది. మీరు చెప్పిన 400, 500 కిలోలకు దానికి బలమైన స్ప్రింగులు వేయించినా ఉపయోగం లేదు, ఎందుకంటే స్ప్రింగు మారితే బ్రేకులు, యాక్సిల్ బేరింగులు, చాసిస్ మారవు. కమాన్ బండికి ఒక పట్టీ అదనంగా వేయించి టన్నున్నర ఎక్కించేవారికి కూడా వర్తించే మాట ఇది.

మీ లెక్క విన్నాక నా సూచన ఇది. బరువు ఉండేది ఏడాదిలో మూడు నెలలే, అమ్మానాన్నల ప్రయాణం మాత్రం ఎప్పుడు అవసరమవుతుందో తెలియదు. మనుషులకు తగిన కాయిల్ స్ప్రింగుల బండి కొనుక్కుని, కోతల కాలంలో బస్తాలకు ఎప్పటిలా పికప్‌ను అద్దెకు మాట్లాడుకోండి. అప్పటికి వానలు తగ్గి దారి గట్టిపడుతుంది కాబట్టి పికప్ దొరకడమూ సులువే. రాత్రివేళ జీపు దొరకకపోవడమే కదా మీ అసలు బాధ, దానికి పరిష్కారం బస్తాలు మోసే బండి కాదు.

ఎత్తు పెంచడం గురించి: నాలుగు అంగుళాలు వద్దే వద్దు. అంత ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్ట్, సీవీ జాయింట్లు (చక్రాలకు శక్తిని చేర్చే కడ్డీ, కీళ్లు) తమ కోణం దాటి పనిచేస్తూ త్వరగా అరుగుతాయి, స్టీరింగు తనంతట తాను తిన్నగా వచ్చే గుణం తగ్గుతుంది, బ్రేకు గొట్టాలు లాగినట్టవుతాయి, ఘాట్ మలుపుల్లో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పట్టుకునేది దాన్నే. జిమ్నీకి 210, థార్‌కు 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) ఉంది, గెడ్డ దిగే చోట రాళ్లు సర్దుకుంటే మీ దారికి అది సరిపోతుంది. ఆ డబ్బును మంచి షాక్ అబ్జార్బర్లకు, టైర్లకు కేటాయించండి.

షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేస్తుంది. అలలు తేలిన గ్రావెల్ మీద ఆగకుండా కదిలితే లోపలి ఆయిల్ వేడెక్కి పలచబడి అదుపు తప్పుతుంది. ఒకే గొట్టంతో ఉండే మోనోట్యూబ్ రకం త్వరగా చల్లబడుతుంది గానీ, రాయి తగిలి దాని గొట్టం సొట్టపడితే లోపల పిస్టన్ ఇరుక్కుంటుంది. రెండు గొట్టాల రకానికి బయట సొట్టపడినా లోపలి గొట్టం పనిచేస్తూనే ఉంటుంది. మీ దారిలో వేగం తక్కువ, రాళ్లు ఎక్కువ, అందుకే మీకు రెండు గొట్టాల రకమే, కాస్త లావు గొట్టంది, సూచిస్తాను.

జవాబు: డ్రైవరు, మారేడుమిల్లి

బండి మాట పెద్దలు చెప్పారు, నడిపే మాట నేను చెబుతాను. టైర్లు ఆల్ టెర్రైన్ రకం వేయించండి, పక్కగోడ మందంగా ఉన్నవి చూసుకోండి, ఎందుకంటే మన రాళ్లు టైరును అడుగున కాక పక్కన కోస్తాయి. రాతి దారి మొదలయ్యే చోట గాలి 24 పీఎస్‌ఐ వరకు తగ్గిస్తే కుదుపు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది, పట్టు పెరుగుతుంది. అయితే తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి, అందుకు చిన్న కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

మీరు చూస్తున్న బళ్లలో ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. పొడి తారు మీద ఫోర్‌వీల్ వేసి మలుపులు తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేస్ (రెండు యాక్సిళ్లకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద ఒత్తిడి పేరుకుంటుంది. లంబసింగి ఘాట్ దిగేటప్పుడు టూవీల్‌లోనే చిన్న గేరులో రండి, మట్టిదారిలో దిగేటప్పుడు లో రేంజ్ మొదటి గేరు వేసి బ్రేకు మీద నుంచి కాలు తీసేయండి.

గెడ్డ పారుతున్నప్పుడు ముందు మనిషి కర్రతో దిగి చూడాలి, మోకాలు దాటిన ప్రవాహమైతే ఆగిపోవడమే సరైనది. ఎక్కి వచ్చిన వేడి యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లాగుతుంది, కాబట్టి ఒడ్డున కొంతసేపు ఆగి దిగండి, యాక్సిల్ బ్రీదర్ గొట్టాన్ని (లోపలి గాలి వచ్చిపోయే గొట్టం) ఎత్తుకు పెట్టించండి. డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిసినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా మార్చాలి. బీఎస్ 6 డీజిల్ బండి తీసుకుంటే ఇంకొక జాగ్రత్త కావాలి. తోటకూ చింతపల్లికీ మధ్య నెమ్మదిగా తిరుగుతూ ఉంటే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే వడపోత) మసి పేరుకుంటుంది, అది కాలిపోవడానికి అప్పుడప్పుడు నర్సీపట్నం దాటి తిన్నని రోడ్డు మీద కొంత దూరం ఆగకుండా నడపాలి. పెట్రోలు జిమ్నీకి ఈ బాధ లేదు.

జవాబు: మెకానిక్, నర్సీపట్నం

బరువు మూడు నెలలే అని తెలిశాక ఇంజనీరు గారి మాటకు నేనూ ఒప్పుకుంటాను. పాత బండి చూసేటట్లయితే షెడ్డులో పైకి లేపించకుండా డబ్బు ఇవ్వకండి. చాసిస్‌కు వెల్డింగ్ చేసిన గుర్తులు ఉన్నాయా, లింకులు చాసిస్‌కు తగిలే చోట పగుళ్లు ఉన్నాయా చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉంటే బేరింగు గానీ బాల్ జాయింటు గానీ పోయినట్టు. మట్టి నేల మీద లో రేంజ్ వేయించి, తిన్నగా కొంత దూరం ముందుకూ వెనక్కూ నడిపి, గేరు దానంతట అది జారి బయటికి వస్తుందేమో పరీక్షించండి. సంవత్సరాల తరబడి ఫోర్‌వీల్ వేయని బళ్లలో ఆ లీవరు బిగుసుకుపోయి ఉంటుంది. కొన్నాక కూడా నెలకొకసారి ఫోర్‌వీల్ వేసి కొంతదూరం మట్టిలో నడపండి, వానాకాలంలో గెడ్డలు దాటిన ప్రతి వారం గ్రీజు పాయింట్లు ఉన్నచోటల్లా గ్రీజు కొట్టించండి.