తొమ్మిదేళ్ళ పాపకి క్రైస్తవ చరిత్ర కథల పుస్తకాలు: కొనే ముందు ఏం చూడాలి?

కర్నూలు అమ్మ:

అందరికీ వందనాలు. మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. బొమ్మల బైబిల్ కథలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు పక్కన ఎవరూ కూర్చోకపోయినా తనే చదువుకుంటుంది. రాత్రికి ఒక అధ్యాయం చదివి, పేజీలో నెమలీక పెట్టి పడుకుంటుంది. ఇంగ్లీషు బాగానే చదువుతుంది, తెలుగు కాస్త నెమ్మది. నిజంగా జరిగిన చరిత్రలో ఒక కల్పిత పిల్లనో పిల్లవాడినో పెట్టి, వాళ్ళ కళ్ళతో కథ చెప్తారు చూడండి, తనకి అలాంటివి ఇష్టం. వంద, నూట యాభై పేజీల్లో, అధ్యాయాలుగా ఉన్నవి వెతుకుతున్నాను.

ఇప్పటికి రెండు కొన్నాను. రెండింటితోనూ ఇబ్బందే అయింది. మొదటిది రోమ్ చక్రవర్తుల కాలంలో విశ్వాసులు పడిన హింస గురించి. సింహాల దగ్గరికి తోసే అధ్యాయం చదివాక పాప మూడు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు. రెండోది మన దేశానికి వచ్చిన ఒక మిషనరీ కథ. దాంట్లో ఊరివాళ్ళంతా మురికిగా, మూఢంగా ఉంటారు, మోసాలు చేస్తుంటారు. మంచి మాట మాట్లాడేది దొరసాని ఒక్కతే. పాప పుస్తకం మూసి, "అమ్మా, మన అవ్వవాళ్ళు కూడా ఇట్లానే ఉండేవాళ్ళా?" అని అడిగింది. మా అత్తగారు అక్కడే కూర్చుని కందిపప్పు చెరుగుతున్నారు. వాళ్ళ ఇంట్లో మొదట దేవుణ్ణి నమ్ముకుంది వాళ్ళ అమ్మగారే. చేట ఆగిపోయింది, ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు.

పాపకి ఈ కథలంటే ఇష్టం పోకూడదు. కానీ నాకు చరిత్ర అంతగా తెలీదు. ఏది నిజమో ఏది కల్పనో నేనే చెప్పలేకపోతున్నాను. కొనే ముందు మీరు ఏం చూస్తారు? తెలుగులో చదివించడానికి దారేమైనా ఉందా?

జమ్మలమడుగు సండేస్కూల్ టీచర్:

వందనాలు చెల్లీ. పాప అడిగింది చదివితే మనసు చివుక్కుమంది. నేను ఇరవై రెండేళ్ళుగా సండేస్కూల్ చెప్తున్నాను, ఇలాంటి ప్రశ్న నన్నూ ఒకసారి ఒక పిల్ల అడిగింది. అప్పటినుంచి చూడకుండా ఏ పుస్తకమూ ఇవ్వడం లేదు.

ఏ పుస్తకమైనా నేను వెనక నుంచి మొదలుపెడతాను. చివర్లో రచయిత ఒకటి రెండు పేజీలు రాసి, ఈ మనిషి నిజంగా ఉన్నాడు, ఈ పిల్లవాడు నా ఊహ, ఈ సంగతి ఫలానా ఏడాది జరిగింది అని విడమరిచి చెప్తే ఆ పుస్తకం మీద నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది. ఆ పేజీ లేకపోతే తెలిసినంతవరకు నేనే ఒక కాగితం మీద రాసి లోపల పెడతాను.

మేరీ జోన్స్ కథే తీసుకో. వేల్స్ దేశంలో మగ్గం నేసే ఇంటి పిల్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సొంత భాషలో బైబిల్ కొనుక్కోవాలని ఆరేళ్ళు కాణీ కాణీ కూడబెట్టి, 1800లో చెప్పుల్లేకుండా బాలా అనే ఊరికి నడిచి వెళ్ళింది. దాదాపు 40 కిలోమీటర్లు. అనంతపురం నుంచి ధర్మవరం ఎంతో ఇంచుమించు అంత అనుకో. అప్పుడామెకి పదిహేనేళ్ళు. ఆమె బైబిల్ ఇప్పటికీ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది, దాంట్లో ఆమె చేతిరాత కూడా ఉంది. ఇంతవరకు గట్టి మాట. అక్కడ థామస్ చార్లెస్ పాస్టరుగారి దగ్గర పుస్తకాలు అయిపోయాయని, ఆమె ఏడిస్తే వేరేవాళ్ళ కోసం దాచింది తీసి ఇచ్చారని చెప్తారు. ఈ భాగం మాత్రం చెప్పేవాళ్ళని బట్టి మారుతూ ఉంటుంది. ఆ తేడా నేను పిల్లలకి దాచను. చెప్పినందుకు ఏ పిల్లకీ మేరీ మీద ఇష్టం తగ్గలేదు. మా క్లాసులో మగ్గం ఇళ్ళ పిల్లలున్నారు, వాళ్ళకి ఆమె సొంత అక్క లాంటిది. తొమ్మిదేళ్ళ పాపకి నేనైతే ముందు ఈ కథే ఇస్తాను. భయపెట్టేది ఏమీ లేదు, నడక ఉంది, ఆశ ఉంది.

ఇక పాప ప్రశ్న. మన దేశం కథ అయితే నేను చూసేది ఒకటే, మనవాళ్ళకి పేర్లు ఉన్నాయా? దొరకి పేరు, దొరసానికి పేరు, వాళ్ళ గుర్రానికి కూడా పేరు ఉండి, వంట చేసే ఆమె మాత్రం చివరిదాకా 'వంటామె'గానే ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను. మిషనరీలు మనకి చేసిన మేలు తక్కువేం కాదు. మా ఊరి క్యాంబెల్ ఆసుపత్రి వాళ్ళు పెట్టిందే, నేను అక్కడే పుట్టాను. కానీ వాళ్ళు ఒంటరిగా ఏదీ చేయలేదు.

ఒంగోలు సంగతి చూడు. 1876-78 ధాత కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించారు. తిండి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని ఆ కరువులో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఇది చాలా పుస్తకాల్లో ఉంటుంది. అయితే అంతకు ముందు ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ఈ సువార్త చెప్పింది యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కుటుంబంలో పుట్టి, తోళ్ళ పని చేసుకున్న మనిషి. ఆయన పేరు లేకుండా ఈ కథ చెప్పిన పుస్తకం పిల్లలకి సగమే చెప్పినట్టు. పేరయ్య ఉన్న పుస్తకం చదివిన పిల్ల నువ్వు విన్న ప్రశ్న అడగదు. "మా తాతవాళ్ళు ఆయన్ని చూశారా?" అని అడుగుతుంది. నన్ను అడిగారు కూడా.

సింహాల పుస్తకం పారేయొద్దు. పైన బీరువాలో పెట్టి, పదకొండో పన్నెండో ఏట తియ్యి. అప్పుడు కూడా ఆ అధ్యాయం ముందు నువ్వు చదువు, తర్వాత పగటిపూట ఇద్దరూ కలిసి చదవండి.

ధర్మవరం నాన్న:

అక్కా, తెలుగు సంగతి నేను చెప్తాను. తెలుగులో దొరికేవి ఎక్కువగా జీవిత చరిత్రలు, చిన్న అక్షరాలు, 'పలికెను, వెడలెను' భాష. మా వాడికి కష్టమవుతుందని మొదట భయపడ్డాను. తీరా చూస్తే వాడికి ఆ భాష అలవాటే, ప్రతి ఆదివారం చర్చిలో బైబిల్ వింటున్నాడు కదా! వాడిని ఆపింది అక్షరాల సైజు. అందుకని ఒక పేజీ నేను, ఒక పేజీ వాడు చదువుతున్నాం. ఇంగ్లీషు పుస్తకానికి అయితే మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమంటాను. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకో ఏడాదికి.

అనంతపురం, రిటైర్డ్ హెడ్మాస్టర్:

అమ్మా, చరిత్ర తెలీదని దిగులు పడకండి. పుస్తకం జాగ్రత్తగా రాశారో లేదో చిన్న విషయాల్లోనే తెలిసిపోతుంది. నజరేతులో మరియమ్మగారి ఇంట్లో టమాటాలు కోస్తున్నట్టు రాస్తే రచయిత శ్రద్ధ పెట్టలేదని అర్థం. టమాటాలు అమెరికా ఖండం నుంచి వచ్చినవి, 1492కి ముందు ఆ దేశాల్లో లేవు. రోమ్ కథలో పిల్లవాడు 'యోహాను మూడు పదహారు' అని వచనం నంబరు చెప్తే అదీ తప్పే. బైబిల్‌ని అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల నంబర్లు వచ్చింది 1551లో. విశ్వాసులంతా ఏళ్ళ తరబడి కాటకోంబ్స్ సొరంగాల్లో కాపురం ఉన్నట్టు రాసినా నమ్మకండి. అవి చనిపోయినవాళ్ళని ఉంచిన శ్మశానాలు.

ఒక్క తప్పు దొరికిందని పుస్తకం పక్కన పెట్టమనడం లేదు. పాపనే ఆ తప్పు పట్టనివ్వండి. నా దగ్గర చదువుకున్న పిల్లలకి చరిత్ర మీద ఆసక్తి పుట్టింది ఇలాగే.

పాప మనసులో పడిన ఆ మాట పోవాలంటే మనవాళ్ళ కథలు ఇవ్వండి. పండిత రమాబాయి 1858లో పుట్టారు. సంస్కృతం చదివి, వితంతువుల కోసం, కరువులో అనాథలైన ఆడపిల్లల కోసం ఆశ్రమాలు నడిపి, బైబిల్‌ని మరాఠీలోకి అనువదించారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తమిళదేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్‌లో మనవాళ్ళ మధ్య పనిచేశారు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఈ ఇద్దరి గురించి పుస్తకం దొరికితే ముందు అది కొనండి.

కర్నూలు అమ్మ:

అక్కకి, అన్నకి, హెడ్మాస్టరుగారికి చాలా థాంక్స్. నిన్న రాత్రి ఆ రెండో పుస్తకం మళ్ళీ తీశాను. వెనక పేజీ లేదు. అక్క చెప్పినట్టే వంట చేసే ఆమెకి పేరు లేదు, నీళ్ళు మోసే అబ్బాయికీ లేదు. పాపకి అది చూపించి, "నువ్వు అడిగిన ప్రశ్నకి అవ్వనే అడుగుదాం" అన్నాను.

మా అత్తగారు గంటసేపు చెప్పారు. వాళ్ళ అమ్మ పగలు చేలో కలుపు తీసి, రాత్రి బుడ్డి దీపం ముందు అక్షరాలు దిద్దుకుని, నలభై ఏళ్ళు దాటాక కీర్తనలు సొంతంగా చదివిందట. నా పెళ్ళయి పన్నెండేళ్ళు, ఈ మాట నాకూ ఇప్పుడే తెలిసింది. పాప ఒక తెల్లకాగితం మీద అదంతా రాసి పుస్తకం చివర అంటించింది. వంటామెకి ఆ ముత్తవ్వ పేరే పెట్టింది. అధ్యాయం అధ్యాయంలో పెన్సిల్‌తో పైన రాసుకుంటూ పోతోంది, ఇంకా అవ్వలేదు.

ఇంకో చిన్న మాట. మేరీ జోన్స్ కథ తెలుగులో పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే ఎన్ని పేజీలో, ఎక్కడ కొన్నారో చెప్పండి. వేసవి సెలవుల్లో పాపతో పేజీ పేజీ మార్చుకుంటూ చదవాలని ఉంది.