దీపావళికి సప్లయర్ ఇచ్చిన స్వీట్ డబ్బా తీసుకోవచ్చా?

చౌరస్తా_చాయ్: వరంగల్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు స్టోర్స్‌లో కొత్తగా చేరాను, గ్రూప్ సి. నిన్న స్టేషనరీ సప్లయర్ కాజూ కట్లీ కిలో డబ్బా టేబుల్ మీద పెట్టి పోయాడు. వాపస్ ఇస్తానంటే సీనియర్లు నవ్వుతున్నారు. ఏం చేయాలి?

రిటైర్డ్_స్టోర్‌కీపర్: తీసుకో తమ్మీ. 28 ఏళ్లు అదే సీటులో కూర్చున్నా. ప్రవర్తనా నియమావళి 13వ రూల్ చూడు, గ్రూప్ సి వాళ్లకు 2,000 దాకా పర్మిషన్ అక్కర్లేదు, 2019లో పెంచారు. కిలో కాజూ కట్లీ 2,000 అవుతుందా? అయిపోయింది లెక్క.

హనుమకొండ_బిల్లులు: అదే రూల్ పైనుంచి చదవండి సార్. పెళ్లికో పండక్కో ఇచ్చే స్నేహితుడికి కూడా మీతో ఆఫీసు పని ఉండకూడదని ఉంది. సప్లయర్‌కు ఆఫీసు పని తప్ప ఇంకేముంది మీతో?

కాజీపేట_లోకల్: డబ్బా అడుగున వెండి బిళ్ల ఉందేమో చూడు ముందు 😀

రిటైర్డ్_స్టోర్‌కీపర్: వెండి సంగతి ఎవరడిగారు? మామూలు భోజనం, బండి మీద లిఫ్ట్ కానుక కిందికి రావని అందులోనే రాసుంది. భోజనానికి లేని తప్పు మిఠాయికి ఎక్కడిది?

హనుమకొండ_బిల్లులు: పని ఉన్నవాళ్ల దగ్గర మాటిమాటికీ మర్యాదలు వద్దని దాని కిందే ఉంది, అది మీకు కనబడదు. నేనూ సప్లయర్‌నే, కాగితం రీములు, రిజిస్టర్లు, టోనర్లు వేస్తాను. మూడు దీపావళులు డబ్బాలు పంచాను, అటెండర్‌కు అర కిలో, క్లర్కుకు కిలో, పెద్దసారుకు డ్రై ఫ్రూట్స్ ట్రే. నాలుగో ఏడు మా నాన్న పోయారు, ఇంట్లో పండగ లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. బిల్లు ఐదు నెలలు ఆగింది. ఒకసారి స్టాక్ ఎంట్రీ లేదని కొర్రీ, ఇంకోసారి చలాన్ మీద ముద్ర సరిగ్గా పడలేదని. ఆ ముద్ర కొట్టింది వాళ్లే!

రిటైర్డ్_స్టోర్‌కీపర్: ఫండ్స్ రాకపోతే స్టోర్‌కీపర్ ఏం చేస్తాడు? స్వీట్‌కు బిల్లుకు ముడిపెడితే ఎట్లా? అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినోడికి కూడా ఏడేళ్ల దాకా జైలు ఉంది, అది తెలుసా నీకు?

హనుమకొండ_బిల్లులు: తెలుసు. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో చెప్పాలనీ తెలుసు. నన్ను ఎవరూ అడగనే లేదు కదా, ఏమని చెప్పాలి? స్వీట్ ఇవ్వలేదని ముద్ర మసకగా కనబడుతోందనా?

రిటైర్డ్_స్టోర్‌కీపర్: మాటలు జాగ్రత్త. నా సర్వీసులో ఎవ్వరినీ రూపాయి అడగలేదు.

హనుమకొండ_బిల్లులు: మీరు అడగలేదు సార్. అడిగేదాకా మేమెప్పుడు ఆగాం?

రిటైర్డ్_స్టోర్‌కీపర్: అంటే మా బిడ్డ పెళ్లికి వచ్చి కట్నాలు చదివించినోళ్లు, పండగపూట ఇంటికి వచ్చి నమస్తే పెట్టినోళ్లు, అందరూ బిల్లు కోసమేనా?

కాజీపేట_లోకల్: కాకా, రిటైరైన ఏడాది దీపావళికి ఎన్ని డబ్బాలొచ్చాయి?

రిటైర్డ్_స్టోర్‌కీపర్: ఒకటి. వియ్యంకులు పంపారు. అయినా రూల్ రూలే, 2,000 లోపు.

చౌరస్తా_చాయ్: మీరు ఇక్కడ కొట్లాడుకునేలోపు మా సెక్షన్‌వాళ్లు డబ్బా విప్పి సగం తినేశారు. ఇప్పుడు వాపస్ ఇచ్చేదెట్లా?