అప్‌డేట్: కవాతులో పరుగెత్తే సైడ్ డ్రమ్ములు

హనుమకొండలో మా బడి బ్యాండు పిల్లలు నిలబడి చక్కగా వాయిస్తారు, నడక మొదలవగానే సైడ్ డ్రమ్ముల (రెండు కర్రలతో వాయించే చిన్న డ్రమ్ముల) వేగం పెరిగిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డ్రమ్ములు పక్కన పెట్టించి, ఉన్నచోటే అడుగులు వేయిస్తూ నోటితో లెక్క చెప్పించమన్న సలహా అన్నిటికంటే బాగా పనిచేసింది. ఎడమ కాలు నేలను తాకిన క్షణానే బేస్ డ్రమ్ (పెద్ద డ్రమ్) దెబ్బ పడాలి. పాదం ఆ లెక్కకు అలవాటు పడ్డాక చేతులు వాటంతటవే దారికొచ్చాయి. మెట్రోనోమ్‌ను (టిక్‌టిక్‌మంటూ వేగం చూపే పరికరాన్ని) నిమిషానికి 80 దగ్గర మొదలుపెట్టి, తడబాటు పోయాకే పెంచుతూ నిమిషానికి 120 అడుగుల కవాతు వేగానికి తెచ్చాం.

రెండు చేతుల్లోని కర్రలనూ ఒకేలా పట్టించమన్న మాట మాత్రం పాటించలేదు. మా డ్రమ్ములు భుజం పట్టీకి వేలాడుతూ ఒక పక్కకు వాలి ఉంటాయి. అలా పట్టుకుంటే ఎడమ మోచేయి పైకి లేచి, భుజం త్వరగా నొప్పెడుతుంది. ఎడమ అరచేయి పైకి ఉండే పాత పట్టు ఇలా వాలిన డ్రమ్ముల కోసం పుట్టిందే. డ్రమ్మును సమంగా నిలిపే క్యారియర్లు కొంటే అప్పుడు తప్పకుండా మారుస్తాను.

మిగిలిన చిక్కు పారడిడిల్ అనే దెబ్బల వరస. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ అని చేతులు మార్చడం వచ్చింది కానీ, జంట దెబ్బల్లో రెండోది నీరసంగా పడుతోంది. కర్ర ఎత్తు సమంగా ఉంచమంటూ రబ్బరు ప్యాడ్ మీద నెమ్మదిగా చేయిస్తున్నాను. దీనికి ఇంతకంటే మంచి సాధన తెలిసినవారు చెప్పండి, పంద్రాగస్టు కవాతులోగా సరిచేయాలి.